సూరతులో పురుగుల సత్రం

1823వ సంవత్సరంలో అలెగ్జాండర్ బర్న్స్ అనే ఈస్టిండియా కంపెనీ సైనికోద్యోగి సూరతు నగరం నడిబొడ్డున ఒక కొయ్య అంతస్తు మీద నిలబడి, పలకల మధ్యనున్న రంధ్రంలోకి తన చేతికర్రను దించి చూశాడు. తరువాత చేతిని కూడా దించాడు. పైకి తీసేసరికి కర్రా చెయ్యీ రెండూ పురుగులతో నిండి ఉన్నాయి. అప్పటికి అతని వయస్సు 18 ఏండ్లు. అనంతర కాలంలో బుఖారా యాత్ర చేసి ప్రఖ్యాతి గడించి, 1841లో కాబూలులో హతుడైన బర్న్స్ ఇతడే.

ఆ ఇల్లు సుమారు 25 అడుగుల పొడవున ఉన్నది. నేలకు 8 అడుగుల ఎత్తున పలకలు పరచి ఉన్నాయి. పలకలకూ నేలకూ నడుమనున్న చోటంతా ధాన్యం. గోడకు కిటికీ వంటి రంధ్రం ఒకటి విడిచిపెట్టారు. పుణ్యాత్ములెవరైనా వచ్చి, మెట్టెక్కి, అందులోనుంచి గింజలు పోసి పోవచ్చును. ఏండ్ల తరబడి అక్కడ పడి ఉన్న ధాన్యాన్ని బర్న్స్ పిడికెడు తీసి చూడగా, అది దంచిన గడ్డివలె పొడిపొడిగా కనిపించింది.  ఈ విషయాలన్నిటితో అతడు వ్రాసిన చిన్న వ్యాసం 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది.

అది సూరతు పింజ్రాపోల్‌లోని ఒక భాగం. తాపీ నది ఒడ్డున మొగలు చక్రవర్తుల కాలంలో మక్కా యాత్రికులకూ, ఐరోపా వర్తకులకూ రేవుపట్టణంగా వర్ధిల్లిన ఈ నగరంలో జైన, వైష్ణవ వణిజులు లాభంలో కొంత మూగజీవాల కోసం వెచ్చించేవారు. కుంటి ఎద్దులకూ, ముసలి గుర్రాలకూ ఆశ్రయమిచ్చిన సంస్థలు ఇతర దేశాలలోనూ ఉన్నవి. కాని ధాన్యానికి పట్టిన పురుగును కూడా ఆశ్రితునిగా లెక్కించిన చోటు మాత్రం అరుదు.

ఆ లెక్క వెనుక ఇంటింటి అవసరం ఒకటున్నది. అహింసావ్రతం పాటించే గృహిణి గోధుమలు చెరుగుతున్నప్పుడు చేటలో ముక్కుపురుగులు తేలితే ఏమి చేయాలి? నలపరాదు, నిప్పులో వేయరాదు. వీధిలో పారవేస్తే పిచ్చుక తినిపోతుంది. గుజరాతు పింజ్రాపోళ్ళలోని ‘జీవాత్‌ఖానా’ ఈ చిక్కుకు పరిష్కారం. పురుగులను కొన్ని గింజలతో సహా అక్కడికి చేర్చేవారు. గది నిండిన తరువాత తాళం వేసి పది పదిహేనేండ్లు అలాగే వదిలివేసేవారు. లోపలి ప్రాణులన్నీ సహజంగా ఆయువు తీరినట్లు భావించిన పిమ్మట తలుపు తెరచి, మిగిలిన పొడిని ఎరువుగా అమ్మేవారు.

నేడు పెరటి కోళ్ళకోసం పిండిపురుగులను పెంచేవారి పద్ధతిని దీని పక్కన పెట్టి చూడవలసిందే. శాస్త్రజ్ఞులు టెనెబ్రియో మోలిటర్ అని పిలిచే నల్లని పెంకుపురుగు పిల్లదశయే ఈ పిండిపురుగు. లోతులేని తొట్టిలో రెండు మూడు అంగుళాల మందాన గోధుమ తవుడు పోసి, తడికోసం క్యారట్ ముక్కో బంగాళాదుంప ముక్కో వేస్తే చాలును. వేరే నీరు అక్కరలేదు. నీరు పోస్తే బూజు పట్టి మొదటికే మోసం. గ్రుడ్లు వారం పదిరోజులలో చిట్లుతాయి. వెచ్చగా ఉన్నచోట రెండు మూడు నెలలలో పురుగు అంగుళం పొడవు పెరుగుతుంది. ఎండబెట్టి తూచితే దాని బరువులో సగం మాంసకృత్తులే. సున్నం మాత్రం తక్కువ. కనుక వీటినే నమ్ముకొని పెట్టలను మేపితే గ్రుడ్ల పెంకులు పలచబడతాయి. 2021లో ఐరోపా సమాఖ్య కోళ్ళ దాణాలో ఇటువంటి కీటకాల మాంసకృత్తులను అనుమతించింది.

ధాన్యం, చీకటి, కొంత కాలం: సామగ్రి రెండుచోట్లా ఒక్కటే. బర్న్స్ పిడికిట్లోకి వచ్చిన ఆ గడ్డిపొడి వంటి పదార్థంలో ఎక్కువ భాగం, అనేక తరాల పురుగులు తిని విసర్జించిన పొడి అయి ఉండాలి. నేటి పెంపకందారులు తొట్టి అడుగునుంచి జల్లించి మొక్కలకు వేసేదీ అదే. భేదమంతా జల్లెడ దగ్గర వస్తుంది. ఇక్కడ జల్లెడపైన మిగిలిన పురుగు కోడి నోటికి పోతుంది. సూరతులో జల్లెడే లేదు.

అయితే సూరతు పింజ్రాపోల్‌లో కోళ్ళు కూడా ఉండేవి! 18వ శతాబ్ది ఉత్తరార్ధంలో పశ్చిమ భారతంలో ఉద్యోగం చేసిన జేమ్స్ ఫోర్బ్స్, 1813లో ప్రచురించిన తన స్మృతులలో, అక్కడ గుర్రాలు, కంచరగాడిదలు, మేకలు, కోతులతోపాటు కోళ్ళనూ పావురాలనూ చూచినట్లు వ్రాశాడు. ఒకే ఆవరణలో కోడీ ఆశ్రితమే, పురుగూ ఆశ్రితమే. పురుగులు కనబడితే కోడి ఊరుకునే జంతువు కాదు. దయకు కూడా నడుమ ఒక గోడ అవసరమైంది.

ఈ దయకు వెల లేకపోలేదు. 1630-32లో ఘోరమైన కరువు గుజరాతును పీడించినప్పుడు సూరతు నుంచి బుర్హాన్‌పూర్‌కు పోయే దారిపొడవునా శవాలను చూచినట్లు పీటర్ మండీ అనే ఆంగ్లేయుడు వ్రాసిపెట్టాడు. అటువంటి అనుభవం గల ఊరిలో పురుగులకు గింజలు పోయడం సులభంగా సమర్థించగల పని కాదు. 1689లో వచ్చిన ఓడ మతాచార్యుడు ఓవింగ్టన్, తరువాత ఫోర్బ్స్, ఇంకొక దూరం పోయారు. నల్లులకూ గోమార్లకూ ఆహారంగా ఒక రాత్రి పడుకోవడానికి బీదవారిని కూలికి కుదిర్చేవారని ఇద్దరూ వ్రాశారు. బర్న్స్ విచారించగా అది అతిశయోక్తి అని తేలింది. యాత్రాగ్రంథాలలో మిక్కిలి ప్రచారం పొందినది మాత్రం ఆ కూలి కథే. 1994లో ప్లేగు భయంతో లక్షలాది జనం సూరతును విడిచిపోయినప్పుడు, ఎలుకలనూ గోమార్లనూ గురించి ఈ నగరం మరొక విధంగా ఆలోచించవలసి వచ్చింది. ఆ తరువాత రెండేండ్లలో పురపాలక సంఘం ఊరిని శుభ్రపరచిన తీరు దేశమంతటా చెప్పుకొన్నారు.

లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ జిల్లాలనుంచి మరమగ్గాల పనికై వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నవి. వారు విడిచివచ్చిన పల్లెలలో ఈ సమస్యకు తొట్టీ లేదు, గోడా లేదు. తెల్లవారగానే కోడి పెంటకుప్ప నెక్కి, కాళ్ళతో గెలికి, చెదలనూ పురుగులనూ తన పిల్లలకు చూపుతుంది. గృహస్థుడు చేయవలసినది గంప ఎత్తడమే. హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతులు కూడా ఈ గెలుకుడు మీద కొంత ఆధారపడి బ్రతికేవే.

పింజ్రాపోల్‌లో చేరిన జంతువు కోలుకున్నా యజమానికి తిరిగి దక్కేది కాదని ఫోర్బ్స్ వ్రాశాడు. ఓపిక గలది ఓపిక లేనివాటికి నీరు తోడిపెట్టవలసి ఉండేది. అతడు చూచిన వాటిలో ఒక ముసలి తాబేలు కూడా ఉన్నది. అప్పటికి అది అక్కడికి వచ్చి 75 ఏండ్లని చెప్పారు.