తలుపు తట్టని అతిథులు

ఒకనాడు ఫజ్ర్ నమాజు మొదలుకొని ఇషా వరకు మా సెల్‌ఫోనుకు వచ్చిన మెసేజ్‌లను లెక్కించి చూశాము. ఇరవై మూడు వచ్చాయి. అందులో మాకు తెలిసినవారు పంపినవి నాలుగు. మిగిలిన పంతొమ్మిదీ మేము ఎన్నడూ పిలవని అతిథులు. ఒకటి రమ్మీ ఆడితే బోనస్ ఇస్తామంటుంది, ఒకటి హైదరాబాదు శివారులో ప్లాటు కొనమంటుంది, ఒకటి వడ్డీకి అప్పు తీసుకొమ్మంటుంది. మద్రసాలో పాఠం చెప్పుకొనే మాకు జూదము, వడ్డీ ఒకే పూటలో ఇంటి వాకిటకు వచ్చి నిలబడినట్లయింది.

తొలినాళ్ళలో ఇషా తరువాత కూర్చుని ఒక్కొక్కటిగా తుడిచివేసేవారము. కొంతకాలానికి విసుగు పుట్టి, మెసేజ్‌లు చదవడమే మానివేశాము. దాని ఫలితమూ అనుభవించాము. ఒక విద్యార్థి తండ్రి, బిడ్డను ఇంటికి తీసుకువెళ్ళడానికి వస్తున్నానని మెసేజ్ పంపి, బస్టాండులో రెండు గంటలు ఎదురుచూశాడు. ఆ మెసేజ్ రమ్మీకీ ప్లాటుకూ నడుమ చదవకుండా పడివుంది. ఆయన మమ్మల్ని ఏమీ అనలేదు. ఏదైనా అనివుంటేనే బాగుండేది.

అయితే ఈ వ్యాసం వ్రాయడానికి కారణం అది కాదు.

గడచిన రమజానుకు ముందు మా ఇంటివారికి పిత్తాశయంలో రాళ్ళున్నాయని, శస్త్రచికిత్స ఆలస్యం చేయరాదని వైద్యులు చెప్పారు. కర్నూలులోని ఒక ఆసుపత్రిలో చేర్పించాము. కావలసిన సొమ్ములో సగమే మా చేతిలో ఉంది. ఆ రాత్రి వరండాలోని బెంచీ మీద కూర్చుని ఉండగా ఫోను మ్రోగింది. రెండు లక్షల రూపాయల ఋణం మంజూరైంది, పత్రాలు అక్కరలేదు, ఐదు నిమిషాలలో ఖాతాలో పడుతుంది అని ఆ మెసేజ్ సారాంశం. క్రింద నీలిరంగు అక్షరాలలో ఒక లింకు.

ఇరవై ఆరు సంవత్సరాలుగా పిల్లలకు ఫిఖహ్‌లో క్రయవిక్రయాల అధ్యాయం బోధిస్తున్నాము. రిబా అంటే ఏమిటో, అందులోని రకాలేమిటో నిద్రలో లేపి అడిగినా చెప్పగలము. అటువంటి మేము ఆ మెసేజ్‌ను మూడుసార్లు చదివాము. బొటనవేలు ఆ నీలి అక్షరాల మీదనే నిలిచిపోయింది. నిర్బంధ పరిస్థితిలో నిషిద్ధానికి సడలింపు ఉన్నది కదా అని మనస్సు వాదన మొదలుపెట్టింది. పామరునికి తోచని సాకులు పండితునికి తోస్తాయి. వాటి అరబ్బీ పేర్లు కూడా అతనికి తెలిసే ఉంటాయి.

మమ్మల్ని ఆపినది మా తఖ్వా అని చెప్పుకొనే ధైర్యం మాకు లేదు. లోపలినుండి మా ఇంటివారు మంచినీళ్ళు అడిగారు. లేచి వెళ్ళాము. తిరిగి వచ్చేసరికి తెర ఆరిపోయింది. తెల్లవారాక మా బావమరిది ఇరవై వేలు తెచ్చాడు, మస్జిదు పెద్ద ఒకాయన మిగిలినది ఖర్జె హసనాగా ఇచ్చారు. అల్లాహ్ దయవలన ఆపరేషను సవ్యంగా జరిగింది. ఆ అప్పులో ఇంకా నాలుగు వేలు తీర్చవలసి ఉంది.

ఇంటికి చేరిన వారంలోనే, మా వద్ద హిఫ్జ్ పూర్తిచేసి నేడు సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్న శిష్యుని వద్దకు వెళ్ళాము. ఆ రాత్రి సంగతి చెప్పలేదు, మెసేజ్‌ల బెడద అని మాత్రమే చెప్పాము. అతడు ఫోను అందుకొని, "ఉస్తాద్, వీటిలో రెండు జాతులున్నాయి" అన్నాడు.

మొదటి జాతి నమోదైన సంస్థలు పంపేవి. వాటికి ఫోను నంబరు ఉండదు, ఆంగ్ల అక్షరాలతో కూర్చిన పేరు ఉంటుంది. 2025 నుండి ఆ పేరు చివర ఒక అక్షరం చేర్చుతున్నారు. 'పి' అంటే ప్రచారం, 'ఎస్' అంటే సేవలకు సంబంధించినది, 'టి' అంటే లావాదేవీ, 'జి' అంటే ప్రభుత్వం. ఆంగ్లంలో 'స్టార్ట్ 0' అని టైపు చేసి 1909కు పంపితే ప్రచారపు మెసేజ్‌లు నిలిచిపోతాయి. బ్యాంకు పంపే ఓటీపీ, జమాఖర్చుల వివరాలు మాత్రం యథావిధిగా వస్తాయి. బ్యాంకు మెసేజ్‌లు కూడా ఆగిపోతాయేమోనని మేము ఇన్నాళ్ళు వెనుకాడినది వృథా భయమన్నమాట.

రెండవ జాతి మామూలు పది అంకెల నంబర్ల నుండి వచ్చేవి. వీటికి 1909 కట్టడి చాలదు. మెసేజ్ మీద వేలు కాసేపు అదిమి ఉంచితే బ్లాక్ చేసే వీలు కనిపిస్తుంది. దానితోపాటే స్పామ్ అని ఫిర్యాదు కూడా చేయవచ్చు. జవాబు ఇవ్వరాదు, "ఇక పంపవద్దు" అని కూడా వ్రాయరాదు. వ్రాస్తే ఈ నంబరు వెనుక మనిషి ఉన్నాడని వారికి తెలిసిపోతుంది. మోసమని అనుమానం కలిగితే సంచార్ సాథీలోని చక్షులో తెలియజేయాలి. సొమ్ము పోతే ఆలస్యం చేయక 1930కు ఫోను చేయాలి.

ఆ ఋణపు మెసేజ్ ఇంకా మా ఫోనులోనే ఉంది. అది పది అంకెల నంబరు. శిష్యుడు దానిని చూసి, "ఇటువంటి యాప్‌లు ఫోనులోని పేర్లూ ఫోటోలూ అన్నీ లాగుకుంటాయి ఉస్తాద్. ఒక్క వాయిదా తప్పితే చుట్టాలకందరికీ ఫోన్లు చేసి పరువు తీస్తారు" అన్నాడు. 2020 చివరలో తెలంగాణలో ఇటువంటి అప్పుల వేధింపులకు కొందరు ప్రాణాలు తీసుకోగా, హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు పలువురిని అరెస్టు చేసిన సంగతి మేమూ పత్రికలలో చదివినదే. చదివినది ఆ రాత్రి ఒక్క అక్షరమైనా గుర్తుకు రాలేదు.

ఆ మరునాడు తరగతిలో సూరయె నూర్ పాఠం వచ్చింది. పరుల ఇంట అనుమతి కోరి, సలాము చేసిన తరువాతనే ప్రవేశించాలన్న ఆదేశం, మూడుసార్లు అడిగినా అనుమతి లభించకపోతే వెనుదిరగాలన్న హదీసు వివరిస్తూ ఈ మెసేజ్‌ల ప్రస్తావన తెచ్చాము. ఒక బాలుడు లేచి, "ముస్లిము సోదరునితో మూడు రోజులకు మించి మాటలు మానరాదు కదా, మరి బ్లాక్ చేయవచ్చునా?" అని అడిగాడు. నవ్వు వచ్చినా ఆపుకున్నాము, ప్రశ్న మంచిదే. ఆ ఆజ్ఞ మన సోదరుని విషయంలో. వేలమందికి ఒకే వాక్యం విసిరే యంత్రంతో మనకు బాంధవ్యం లేదు అన్నాము. ప్రతి శుక్రవారం పువ్వుల బొమ్మలతో జుమా ముబారక్ పంపే మా పినతండ్రి కుమారుని కూడా ఆపివేయమంటారా అని దుకాణంలో శిష్యుడు అడిగినప్పుడు వద్దన్నది అందుకే. ఏడాదిలో అతడు మమ్మల్ని తలచుకొనేది ఆ పువ్వులతోనే.

వారం తిరిగేసరికి ప్రచారపు మెసేజ్‌లు దాదాపు ఆగిపోయాయి. పది అంకెలవి రోజుకు రెండో మూడో వస్తూనే ఉన్నాయి. ఇషా తరువాత వాటిని ఒక్కొక్కటిగా బ్లాక్ చేస్తాము. నిన్నటికి నలభై ఒకటి అయ్యాయి. ఫోను పట్టుకొని ఏమి చేస్తున్నారని మా ఇంటివారు అడిగితే, తలుపులు వేస్తున్నామని చెబుతాము. ఆసుపత్రి వరండా సంగతి మాత్రం ఆమెకు నేటికీ చెప్పలేదు. ఈ పత్రిక మా ఇంటికి వచ్చినప్పుడు మొదట చదివేది ఆమే.