మామయ్య ఎడమచెయ్యి

నేను ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు మా పెదమామయ్య వైద్యం కోసం ఉద్దానం నుంచి విశాఖపట్నం మా యింటికి వచ్చాడు. ఉద్దానమంటే శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేటల చుట్టూ కొబ్బరితోటలూ జీడితోటలూ వుండే సీమ. చూడటానికి ఎంతో చల్లని చోటు గాని, అక్కడ మూత్రపిండాల జబ్బు మెండు. అది ఎందుచేత వస్తున్నదో శాస్త్రజ్ఞులు ఈనాటికీ వెతుకుతూనే వున్నారు. 2023లో పలాసలో దీనికోసం పెద్ద ఆస్పత్రి వచ్చింది గాని, అప్పట్లో చాలామంది ఇంతదూరం రావలసి వచ్చేది.

మామయ్య ఎడమచేతి మీద సిరాతో పెద్ద ఇంటూ గుర్తు వున్నది.

"ఇదేటి మామయ్యా?" అన్నాను.

"ఈ చేతికి సూది గుచ్చొద్దని గుర్తురా గుంటడా! డాక్టరుగారే వేశారు. కొన్నాళ్ళు ముందే వేసివుంటే బాగుండేది," అన్నాడు మామయ్య.

సంగతేమిటంటే, అంతకు కొద్దినెలల ముందు ఆయనకు జ్వరం వస్తే, ఒక ఆస్పత్రిలో ఆ మణికట్టు దగ్గరే సూది గుచ్చి రోజుల తరబడి సెలైను ఎక్కించారు. కుడిచెయ్యి వుండనే వున్నది. దాని వెనకవైపు గుచ్చినా సరిపోయేది. ఎడమచేతి నరం కాస్తా వాచి, పగ్గంలా బిగుసుకుపోయింది. మనం నరం అంటాం గాని, దాన్ని సిర అనాలి.

ఒక్క సిర పోతే ఏమైందని మీరు అడగవచ్చు. మూత్రపిండాలు పనిచెయ్యనివారి రక్తాన్ని వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలపాటు డయాలిసిస్ యంత్రం శుభ్రం చేస్తుంది. దానికి నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్ల రక్తం అందాలి. మామూలు సిర అంత ఇవ్వలేదు. మన హార్బరునే చూడండి. ఒకప్పుడు అది ఉప్పునీటి మడుగు. డాల్ఫిన్స్ నోస్ కొండపక్కన కాలువ లోతుగా తవ్వాకనే, 1933 నుంచి పెద్ద ఓడలు లోపలికి రాసాగాయి.

చేతిలో అలాంటి కాలువ చేసే ఉపాయాన్ని బ్రెషియా, సిమినో మొదలైన న్యూయార్కు డాక్టర్లు 1966లో ప్రకటించారు. మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ కలిపి కుడతారు. ధమనిలోని రక్తం జోరుగా వచ్చిపడి, కొన్ని వారాలకు సిర లావై, పెద్ద సూదులకు తట్టుకుంటుంది. దీన్ని ఫిస్టులా అంటారు. మెడలో గొట్టం పెట్టి కూడా రక్తం తియ్యవచ్చు. కాని దాని వెంట సూక్ష్మజీవులు లోపలికి పోయే భయం వున్నది.

మణికట్టు దగ్గర చేసింది చెడినా, పైన మోచెయ్యి మిగిలి వుంటుంది. మామయ్యకు ఆ మొదటిమెట్టు పోయింది గనక మోచేతి దగ్గరే కుట్టారు. సిర తయారయ్యేదాకా మెడలో గొట్టమే గతి అయింది. ఆ రోజుల్లో ఒకసారి ఆయనకు చలిజ్వరం వస్తే, మా అమ్మ రాత్రంతా పక్కనే కూర్చున్నది.

ఒకనాడు రక్తపరీక్షకు వెళితే, కొత్తగా వచ్చిన నర్సమ్మ ఆయన ఎడమచేతికే పట్టీ కట్టబోయింది.

"ఆ చెయ్యి కాదండీ!" అని అరిచాను.

అందరూ నావంక చూశారు. సిగ్గుతో నా ముఖం ఎర్రబడింది. ఆవిడ గుర్తు చూసి నాలుక కరుచుకుని, కుడిచేతి వెనకనుంచి రక్తం తీసింది.

"మంచిపని చేశావు బాబూ," అన్నది.

ఇంటికి వచ్చాక మామయ్య, "ఇటు రారా, విందువుగాని," అంటూ మోచేతిని నా చెవికి ఆనించాడు. లోపల గుయ్యిమని ఒకటే హోరు!

"మీ బీచిలో వినిపించేది ఇదే గదా!" అన్నాడు.