స్టేబుల్ అనే మాట ఎప్పుడు అనాలి?

మన ఆఫీసుల్లో సాఫ్ట్‌వేర్ ఎప్పుడు తయారవుతుంది? క్లయింటుకి చెప్పిన తేదీకి! ముహూర్తం ముందే పెట్టేస్తారు కాబట్టి పెళ్ళికూతురు ముస్తాబయినా కాకపోయినా పీటల మీద కూర్చోవాల్సిందే :) మరి క్లయింటూ మేనేజరూ లేకుండా, తలో దేశంలో కూర్చుని తీరిక వేళల్లో రాసే ఓపెన్ సోర్సు వాళ్ళ సంగతి? "ఇక వాడుకోవచ్చు" అని ఎవరు చెప్పాలి, ఏం చూసి చెప్పాలి?

డెబియన్ వాళ్ళ పాత జవాబు అందరికీ తెలిసిందే: "తయారైనప్పుడు". వినడానికి బాగానే ఉంటుంది. కానీ 2002 జూలైలో 3.0 (వుడీ) వచ్చాక, 3.1 (సార్జ్) రావడానికి 2005 జూన్ పట్టింది. దాదాపు మూడేళ్ళు! వుడీ మామూలుగా ఎక్కించే కెర్నెల్ 2.2. ఈలోగా 2003 డిసెంబరుకే 2.6 కూడా వచ్చేసింది. కొత్త హార్డ్‌వేర్ కొన్నవాడికి, దాన్ని గుర్తుపట్టని ఆపరేటింగ్ సిస్టమ్ ఎంత గట్టిదైతే ఏం లాభం? సరిగ్గా ఆ ఖాళీలోనే, 2004 అక్టోబరులో, ఆరునెలలకో రిలీజు అంటూ ఉబుంటు వచ్చి చాలామందిని తనవైపు తిప్పుకుంది.

అలాగని తొందరపడితే? 2008 జనవరిలో కేడీఈ 4.0 వచ్చింది. 3.5లో ఉన్న సౌకర్యాలు చాలా అందులో లేవు. "ఇది ముందుగా డెవలపర్ల కోసం, మామూలు వాళ్ళు కొన్నాళ్ళు 3.5లోనే ఉండండి" అన్నారు వాళ్ళు. వాళ్ళ వాదననీ తీసిపారేయలేం.. రిలీజు అనకపోతే ఎవరూ వాడరు, ఎవరూ వాడకపోతే బగ్గులు బయటపడవు. కానీ నోటితో ఒకటి చెప్పి, నంబరుతో ఇంకోటి చెప్తే జనం నంబరునే నమ్ముతారు. ఆ ఏడాది మేలో వచ్చిన ఫెడోరా 9 పాత 3.5 డెస్క్‌టాపుని తీసేసి 4.0నే ఇచ్చింది. లినస్ టోర్వాల్డ్స్ అంతటివాడే విసిగిపోయి గ్నోమ్‌కి మారానని 2009లో చెప్పాడు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు. సాఫ్ట్‌వేర్‌కి ఆ సుఖం లేదు. అయితే ఏ మెతుకులు పట్టుకోవాలో ముందే రాసిపెట్టుకోవచ్చు. వైన్ వాళ్ళు చేసింది అదే. 1993లో మొదలైన ఆ ప్రాజెక్టు 1.0 అనడానికి 2008 జూన్ దాకా, అంటే పదిహేనేళ్ళు ఆగింది. విండోస్ ప్రోగ్రాములన్నీ నడవాలని కూర్చుంటే ఇప్పటికీ 1.0 వచ్చేది కాదు. అందుకని కొన్నిటిని ఎంచుకున్నారు: ఫోటోషాప్ సీఎస్2, ఇంకా వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ ఫైళ్ళని చూపించే మైక్రోసాఫ్ట్ వ్యూయర్లు. ఇవి బాగా నడిస్తే 1.0. అంతే.

డెబియన్ కూడా మారింది. ఇప్పుడు కొత్త మార్పులు తీసుకోవడం ఎప్పుడు ఆపేస్తారో తేదీలు ముందే చెప్తారు. ఆ తర్వాత మాత్రం రిలీజుకి అడ్డుపడే బగ్గుల జాబితా కరిగేదాకా ఆగుతారు. తలుపు మూసేది క్యాలెండరు చూసి, మళ్ళీ తెరిచేది బగ్గుల జాబితా చూసి అన్నమాట. 12 వచ్చింది 2023 జూన్‌లో, 13 వచ్చింది 2025 ఆగస్టులో. రెండేళ్ళ లెక్క అటూ ఇటూగా నిలబడుతోంది.

ఇలా ఆగడం వల్ల ఇంకో లాభముంది. 2024లో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో దొంగదారి పెట్టారు. అది డెబియన్ అన్‌స్టేబుల్, టెస్టింగ్ దాకా వచ్చేసింది. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీస్తే బయటపడింది. స్టేబుల్ వాడేవాళ్ళ దగ్గరికి అది చేరనేలేదు. ఇందులో అదృష్టం పాలు ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ అదృష్టం పనిచెయ్యడానిక్కూడా కాస్త టైము ఇవ్వాలి కదా!

నా మటుకు నాకు స్టేబుల్ అనేది కోడ్‌కి ఇచ్చే సర్టిఫికెట్ కాదు. రిలీజు నోట్సు చదవని మనిషికి ఇచ్చే మాట. ఓ కాలేజీ ల్యాబులో ముప్ఫై మిషన్లకి అది ఎక్కించేవాడు మన చర్చలేవీ చూడడు, ఆ ఒక్క మాటే చూస్తాడు. బగ్గులు ఎలాగూ మిగులుతాయి. ఏవి మిగిలినా ఫరవాలేదు, ఏవి మిగిలితే ఇవ్వకూడదు అన్నది రిలీజు ముందురోజు రాత్రి నిద్రకళ్ళతో తేల్చుకునే విషయం కాదు. అప్పుడు ప్రతి బగ్గూ చిన్నదిగానే కనిపిస్తుంది :)

మీరూ ఏదో ఓ లైబ్రరీ రాసి ఏళ్ళ తరబడి 0.9 దగ్గరే ఆపేసుంటే, 1.0కి ఏమేం పనిచెయ్యాలో ఓ ఐదు లైన్లు రాసి రీడ్‌మీలో పెట్టండి. ఆ ఐదూ తీరిన రోజు రిలీజు చేసెయ్యండి. ఆరోది గుర్తొస్తే, అది 1.1కి.