తడిసిన పుటలు

మా యింట వేకువజామున బైబిలు చదువుకొనే అలవాటు మా నాయనమ్మతో ఆరంభమైనది. దివిసీమ పల్లెలో పుట్టిన ఆమెకు బడి లేదు. పగలంతా వరినాట్లు, రాత్రి లాంతరు వెలుగులో ఉపదేశిగారి వద్ద అక్షరాలు. బైబిలు చదవడానికే ఆమె చదువు నేర్చినది. వాక్యం వెంట వ్రేలు జరుపుతూ, రోజుకు నాలుగైదు పంక్తులకు మించి చదివేది కాదు.

కృష్ణా మండలంలో ఈ పఠనానికి దీర్ఘమైన చరిత్ర ఉన్నది. 1818లో శ్రీరాంపూర్‌లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయినది. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నం చేరి తెలుగు మిషన్ పని ప్రారంభించారు. నోబుల్ పట్టణంలో పాఠశాల నడపగా, ఫాక్స్ పల్లెలు తిరిగి బోధించాడు. అక్షరానికి దూరమైన ఎన్నో గూడేలకు కాలక్రమాన గ్రంథంతోపాటు చదువు కూడ చేరినది.

మేము విజయవాడలో స్థిరపడి, నాలుగక్షరాలు నేర్చిన తరువాత, నాయనమ్మ పద్ధతి మాకు మందకొడిగా తోచినది. బైబిలులో 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. దినానికి మూడు, ఆదివారం అయిదు చొప్పున చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీసి, చదివిన ప్రతి అధ్యాయానికి గుర్తు పెట్టుకొన్నాము. ఏడాది చివర ఆ గళ్ళను చూచుకొని సంతోషించేవారము. ఆ సంతోషంలో గర్వం పాలెంతో అప్పుడు మేము విచారించలేదు.

2024 ఆగస్టు 31, శనివారం. ఆనాటి వంతు విలాపవాక్యాల మొదటి మూడు అధ్యాయాలు. పాడుపడిన యెరూషలేమును గూర్చిన ఆ శోకగీతాలను వాన చప్పుడులో గబగబ చదివి, మూడు గుర్తులు పెట్టి లేచాము. కన్ను చెమ్మగిల్లలేదు. మరునాడు బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ వీధులను ముంచివేసినది.

నీరు గడప దాటి, మోకాలు దాటి, మంచం ఎక్కినది. పిల్లలను భుజాన వేసుకొని పై అంతస్తుకు పరుగెత్తాము. అక్కడ నివసించే ముస్లిం కుటుంబంలోని పెద్దావిడను మేమందరమూ నానీమా అని పిలుస్తాము. వారి ఖురాన్ గుడ్డలో చుట్టి ఎత్తైన అరపై ఉన్నది. అనుదినం చేతికి అందాలని మేము క్రింది బల్లపై ఉంచిన బైబిలు నీటి పాలయినది.

ఆ దినాలలో మాకు ఒక్క వాక్యమూ నోట రాలేదు. నానీమా ఉన్న బియ్యం అందరికీ సమంగా వండి పెట్టినది. పాలు చాలనప్పుడు తమ మనుమరాలి గ్లాసులో సగం మా బిడ్డకు పోసినది. "దేవుడెందుకిలా చేశాడు నానీమా?" అని మా చిన్నవాడు అడిగితే ఆమె జవాబు చెప్పలేదు. వాణ్ణి ఒడిలోనికి తీసుకొన్నది.

అప్పుడు యోబు మిత్రులు జ్ఞప్తికి వచ్చారు. సర్వస్వం పోయిన యోబు వద్ద వారు ఏడు దినాలు మౌనంగా నేలపై కూర్చున్నారు. నోరు తెరచి కారణాలు చెప్పనారంభించిన తరువాతనే తప్పు చేశారు. ఎన్నిమార్లు చదివి గుర్తు పెట్టుకొన్నా తెలియని ఈ సంగతి ఆ మేడపై తెలిసినది.

నీరు తీసిన తరువాత బురదలో బైబిలు దొరికినది. పుటలు అంటుకొనిపోయినవి. పారవేద్దామనుకొంటే నానీమా వారించినది. ఇద్దరు మనుమరాళ్ళను కూర్చుండబెట్టుకొని, పుట పుటకూ నడుమ పాత వార్తాపత్రిక ముక్కలు పెట్టి, ఎన్నో దినాలు ఎండలో ఆరబెట్టినది. కొన్ని పుటలు విడలేదు. విడినవాటిలో కూడ అక్షరాలు అలుక్కుపోయిన చోట్లున్నవి.

నోటుపుస్తకం వరదలో పోయినది. దానిని తిరిగి వ్రాయలేదు. ఇప్పుడు వేకువన ఆ ఉబ్బిన గ్రంథాన్నే తెరుస్తాము. అక్షరాలు మసకబారినందున వ్రేలు పెట్టి మెల్లగా చదవక తప్పదు. రోజుకు నాలుగైదు పంక్తులే సాగుతున్నవి. నాయనమ్మ ఎందుకంత నిదానంగా చదివేదో ఇన్నేళ్ళకు బోధపడినది.

మా విశ్వాసం వరదకు ముందున్నంత ధీమాగా లేదు. చిన్నవాని ప్రశ్నకు ఈనాటికీ మా వద్ద జవాబు లేదు. అయినను గ్రంథం మూసిన తరువాత, పై అంతస్తులో ఎవరికి ఏమి కావలెనో ఒకమారు అడిగి రావడం మా పఠనంలో చివరి భాగమైనది. విద్యార్థి మిత్రులారా, మీరు ఏ గ్రంథం చదివినా ఎన్ని పుటలు ముగించారని లెక్కించుకొనవద్దు. ఆ పుటల నుండి లేచి ఎవరి గడపకు వెళ్ళారో ఒక్కమారు తలచుకొనండి.