పాత ఎక్స్‌రే ఉందా?

మన దగ్గర ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ కనబడితే మొదట వినబడే మాట టీబీ. రెండోది కాన్సర్. ఈ రెండూ కానిది ఇంకోటుంటుందని, దాన్ని తేల్చడానికి ఒక్కోసారి కత్తీ సూదీ ఏవీ అక్కర్లేదని చాలామందికి తెలీదు. అందుకే ఇది రాస్తున్నా.

మా చిన్నమ్మది తాడ్వాయి దగ్గర పల్లె. మేడారం జాతర వచ్చిందంటే గద్దెలకి పోయే దారిలో కొబ్బరికాయలు, బంగారం అమ్ముతుంది. (బంగారం అంటే బెల్లం, తెలియని వాళ్ళ కోసం.) 2024 ఫిబ్రవరి జాతరలో నాలుగు రోజులూ ఆ దుమ్ములోనే కూర్చుంది. జాతర దుమ్ముకి దగ్గు రావడం మామూలే, వారంలో పోతుంది. ఈమెకి నెలైనా తగ్గలేదు. వరంగల్ తీసుకుపోయి ఎక్స్‌రే తీయిస్తే కుడి ఊపిరితిత్తిలో కింద వైపు గుండ్రంగా, రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చ.

ఒకాయన కళ్ళె పరీక్ష కూడా చెయ్యకుండా ఆరు నెలల టీబీ మందులు రాసేశాడు. ఇంకోచోట ఛాతీ కోసి తీసెయ్యాలన్నారు. ఫోన్లో చిన్నమ్మ ఏడుపు. "దగ్గని పోతే గడ్డ అంటున్రు కొడుకా. ఇగ పొలం అమ్ముడేనా?"

హైదరాబాద్ పిలిపించాం. ఇక్కడి ఛాతీ డాక్టరు గారు ఫిల్ము చూసి అడిగిన మొదటి ప్రశ్న: "పాత ఎక్స్‌రే ఉందా?"

నాకు భలే ముచ్చటేసింది. ప్రొడక్షన్‌లో ఏదైనా పేలితే మనం అడిగేదీ అదేగా, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏంటని! లెక్క కూడా మనకి నచ్చేదే. కాన్సర్ గడ్డ ఘనపరిమాణం మామూలుగా నెల నుంచి 400 రోజుల లోపు రెట్టింపవుతుంది. గోళం ఘనపరిమాణం రెట్టింపవ్వాలంటే వ్యాసం 26 శాతం పెరిగితే చాలు. అంటే 20 మిల్లీమీటర్లది 25 అయితే దాదాపు రెట్టింపైనట్టే. గట్టి మచ్చ రెండేళ్ళపాటు కదలకుండా ఉందంటే కాన్సర్ అయ్యే అవకాశం బాగా తక్కువ. (మంచు పట్టిన అద్దంలా పలచగా కనబడే మచ్చలకి మాత్రం ఈ లెక్క చెల్లదు, అవి ఏళ్ళ తరబడి నిదానంగా పెరుగుతాయి.)

చిన్నమ్మకి 2019లో గర్భసంచి ఆపరేషన్ అయింది. దానికి ముందు తీసిన ఛాతీ ఎక్స్‌రే ఇనప్పెట్టెలో, పాత చీర మడతలో దొరికింది. అదే మచ్చ, అదే చోట, అంతే సైజులో! ఆ రోజు రిపోర్టులో దాని గురించి ఒక్క ముక్క లేదు. ఎవరూ సరిగ్గా చూసినట్టు లేరు.

తర్వాత సీటీ. సీటీలో ప్రతి చుక్కకీ ఒక నంబరుంటుంది. గాలి -1000, నీళ్ళు 0, కొవ్వు సుమారు -40 నుంచి -120. నున్నటి అంచులున్న గడ్డ మధ్యలో కొవ్వు నంబర్లు, దానికి తోడు పేలాల్లా విచ్చుకున్న సున్నపు మరకలు కనబడితే అది హమార్టోమా. ముక్క తీసి చూడక్కర్లేదు. (మానిన టీబీ మచ్చలో సున్నం నడిమధ్యలోనో, పొరలు పొరలుగానో, మొత్తం నిండిపోయో ఉంటుంది.) 1904లో ఆల్బ్రెక్ట్ అనే జర్మన్ పెట్టిన పేరిది, గ్రీకులో తప్పు అన్న మాట నుంచి వచ్చింది. మన ఒంట్లో ఉండే మృదులాస్థి, కొవ్వే, క్రమం తప్పి ఉండగా చుట్టుకుంటాయి. ఒకరకంగా బగ్గే, కానీ క్రాష్ చెయ్యని బగ్గు. చిన్నమ్మది అదే. దగ్గుకి దానితో సంబంధమే లేదు, ఇన్‌హేలర్ వాడితే పోయింది.

మధ్యలో ఎవరో పెట్ స్కాన్ చేయించమన్నారు. డాక్టరు గారు వద్దన్నారు. చురుగ్గా ఉన్న టీబీ మచ్చ కూడా అందులో కాన్సర్ లాగే వెలుగుతుంది, మన దేశంలో దాన్నొక్కదాన్నే నమ్మితే గందరగోళమే.

అన్నిటికీ ఇంత తేలిగ్గా తేలదు లెండి. స్క్లెరోజింగ్ న్యూమోసైటోమా అని ఇంకా అరుదైనది ఉంది, ఎక్కువగా నడివయసు ఆడవాళ్ళకి, అందులోనూ ఆసియా వాళ్ళకి వస్తుంది. 1956లో మొదట వర్ణించినప్పుడు రక్తనాళాల గడ్డ అనుకుని హిమాంజియోమా అన్నారు. అది ఊపిరితిత్తి కణాలదేనని తర్వాత తేలింది, 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో పేరు మారింది. సీటీ చూసి తేల్చలేరు. ఆపరేషన్ టేబుల్ దగ్గర హడావిడిగా ముక్క చూసినా కాన్సర్‌లా కనబడి పథాలజిస్టునే బోల్తా కొట్టిస్తుంది. అప్పుడు తొందరపడితే అవసరానికి మించి ఊపిరితిత్తి కోసేస్తారు.

మనవాళ్ళకి నేను చెప్పేదొకటే. స్కాన్ చేయించినప్పుడు ఫిల్ముతో ఊరుకోకుండా సీడీ అడగండి. ఆ నంబర్లన్నీ డైకామ్ ఫైళ్ళలో ఉంటాయి, వాట్సాప్‌లో పంపే ఫిల్ము ఫోటోలో ఉండవు. ఊళ్ళో అమ్మానాన్నల పాత ఎక్స్‌రేలు ఎక్కడున్నాయో ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు వెతకండి. చాలా ఇళ్ళల్లో ఇల్లు సర్దేటప్పుడు మొదట పారేసేవి అవే.

చిన్నమ్మ సీడీ రెండు చోట్ల కాపీ చేసి పెట్టా. ఆమెకి మాత్రం ఆ 2019 ఫిల్ము మీదే నమ్మకం, పట్టా పాసుబుక్కు పక్కన పెట్టుకుంది.