పిండి కొద్దీ మిక్సరు

మన ఇళ్లలో ఏదైనా యంత్రం కొనేటప్పుడు జరిగే చర్చ పెళ్లి సంబంధం చూసేటప్పటి చర్చకు ఏమాత్రం తీసిపోదు. ఒకరు కంపెనీ పేరు అడుగుతారు, ఒకరు ధర అడుగుతారు, ఇంకొకరు పక్కింటివాళ్లది ఏ రకమో కనుక్కొస్తారు. ఆ యంత్రంతో రోజూ కాపురం చేయవలసిన మనిషిని మాత్రం చివరికి గాని అడగరు. కేకులు చేసుకునే మిక్సరు కోసం మా ఇంట్లో ఈమధ్య జరిగిన చర్చ మరికొన్ని ఇళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మాది మూడు తరాలుగా బెంగుళూరు. మా మామగారి తండ్రిగారు హిందూపురం నుంచి వచ్చి చిక్కపేటలో ఒక బట్టల కొట్లో లెక్కలు రాసేవారట. అయ్యంగార్ బేకరీల ఖారా బన్ను తింటూ పెరిగిన పిల్లలు మావాళ్లు. అందుకే మా కోడలు ఇంట్లో ఓవెన్ పెట్టి కేకులు మొదలుపెడితే ఎవరికీ వింతగా తోచలేదు. కాన్పు తరువాత తను ఉద్యోగం మానేసింది. మా మనవడి మొదటి పుట్టినరోజుకు చేసిన కేకు తిని కింది వాటావాళ్లు తమకూ ఒకటి చేసిపెట్టమన్నారు. వాళ్ల చుట్టాలు అడిగారు. అలా వారానికి ఐదారు కేకులయ్యాయి. పెద్ద సంపాదన కాదు, కాని తన పేరున బ్యాంకులో పడే డబ్బు. ఆ తేడా ఏమిటో ఉద్యోగం మానుకున్న ఆడవాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

అంతలో కుడిచేతి బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నొప్పి పట్టుకుంది. చంటిపిల్లలను పదేపదే ఎత్తుకునే తల్లులకు ఇది తరచుగా వచ్చేదేనని డాక్టరుగారు చెప్పారు. బొటనవేలు కదలకుండా పట్టీ ఇచ్చి, గిలక్కొట్టడం, పిండి పిసకడం కొన్నాళ్లు మానమన్నారు. మానితే వచ్చే ఆర్డర్లు పోతాయి. మానకపోతే చెయ్యి పోతుంది. మిక్సరు మాట అప్పుడు వచ్చింది.

“ఇంట్లో మిక్సీ ఉండగా ఇంకో మిక్సరు ఎందుకు?” అన్నారు మావారు. పేర్లు ఒకటే గాని పనులు వేరు. మన మిక్సీ మన వంటకోసం పుట్టింది. విదేశీ యంత్రాలు మన పచ్చళ్లకు, మసాలాలకు తట్టుకోలేక చతికిలబడుతున్న 1960లలో సత్యప్రకాశ్ మాథుర్‌గారు గట్టి మోటారుతో సుమీత్ మిక్సీని తయారుచేశారు. దాని బ్లేడు పని కోయడం, నలపడం. కేకు పిండికి కావలసింది గాలి. వెన్న, చక్కెర కలిపి గిలక్కొట్టినప్పుడు, గుడ్లు నురగ తేలేటట్టు కొట్టినప్పుడు సన్నని గాలి బుడగలు లోపల చిక్కుకుంటాయి. ఓవెన్ వేడికి అవి పెరిగితేనే కేకు పొంగుతుంది. మిక్సీలో మైదా వేసి తిప్పితే గాలి చేరకపోగా పిండి సాగి, వేడెక్కి, కేకు గట్టిగా వస్తుంది. చక్కెర పొడి చేసుకోవడానికి మాత్రం మిక్సీని మించింది లేదు.

డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు ఫోనులో, “వదినా, నేను వచ్చేటప్పుడు ఇక్కడి నుంచి మంచిది తెస్తాను” అంది. ప్రేమకు లోటు లేదు, తేడా కరెంటులో ఉంది. అక్కడ 120 వోల్టులు, మన దేశంలో 230. తిన్నగా ప్లగ్గు పెడితే మోటారు కాలిపోతుంది. నడపాలంటే మోటారు వాట్లకు మించిన ట్రాన్స్‌ఫార్మరు ఒకటి పక్కన ఉండాలి. చెడితే విడిభాగాలకు వెతుక్కోవాలి. అమెరికా నుంచి పిల్లలు తెస్తామన్న ఇళ్లవాళ్లు ముందు ఈ సంగతి చెప్పండి.

మా అబ్బాయి, “చేత్తో పట్టుకునే హ్యాండ్ మిక్సరు చాలదా? ఈ చిన్న పనికి అంత ఖర్చెందుకు?” అన్నాడు. నిజానికి నెలకు ఒకటి రెండు కేకులు చేసుకునే ఇంటికి అదే చాలు. ధర తక్కువ, డ్రాయరులో పడి ఉంటుంది, ఏ గిన్నెలోనైనా పనిచేస్తుంది. రెండు గుడ్ల చిన్న కేకుకు అదే మేలు కూడా. పెద్ద యంత్రం గిన్నెలో అంత కొంచెం పిండి అడుగున ఉండిపోయి తీగల కవ్వానికి సరిగా అందదు. అయితే కొనేముందు దాని వెనక ఉన్న చీటీ చదవండి. చాలావాటిమీద ‘కె.బి. 5 మినిట్స్’ వంటి గుర్తు ఉంటుంది. ఏకబిగిన ఐదు నిమిషాలకు మించి నడపకూడదని దాని అర్థం. బ్రెడ్డు పిండి, బన్ను పిండి వంటి గట్టి ముద్దలకు చాలా హ్యాండ్ మిక్సర్లు తాళలేవు. పైగా అది కిలో బరువున్న వస్తువు. పట్టీ కట్టిన చేత్తో అదురుతున్న కిలో బరువును పది నిమిషాలు పట్టుకోమంటే నొప్పికి మందు వేసినట్టా, నొప్పిని పోషించినట్టా?

ఇక మిగిలింది స్టాండ్ మిక్సరు. బేకరీల పెద్ద యంత్రాన్ని చిన్నది చేసి, అమెరికాలో హోబర్ట్ కంపెనీవారు కిచెన్‌ఎయిడ్ పేరుతో 1919లో ఇళ్లకు అందించారు. అప్పటి యంత్రం బరువు దాదాపు 30 కిలోలు! ఇప్పుడు అంత లేదు. భూమి తన చుట్టూ తాను తిరుగుతూ సూర్యుడి చుట్టూ తిరిగినట్టు, కవ్వం తాను తిరుగుతూ గిన్నె చుట్టూ తిరుగుతుంది. మూడు పనిముట్లు వస్తాయి: నురగకు, క్రీముకు తీగల కవ్వం, వెన్న, చక్కెర కలపడానికి ఆకులాంటి పలక, బన్ను పిండికి కొక్కెం. కొక్కెం పెట్టినప్పుడు ఎప్పుడూ తక్కువ వేగమే. తొందరపడితే మోటారు వేడెక్కుతుంది.

అంగడిలో మొదట చెప్పేది వాట్ల సంగతి. వాట్లు ఆ యంత్రం తాగే కరెంటు లెక్క, దాని భుజబలం లెక్క కాదు. లోపలి గేర్లు ఎలా ఉన్నాయి, ఒకేసారి ఎంత మైదా ముద్ద కలపగలదని కంపెనీవారు రాశారు, మన ఊళ్లో బాగుచేసేవాళ్లున్నారా అన్నవి అడగండి. మీ వంటగట్టుకు, పైనున్న అలమరకు మధ్య ఎత్తు కొలుచుకుని వెళ్లండి. తల పైకెత్తే రకమైతే ఎత్తినప్పుడు అలమరకు తగలకూడదు. రోజూ అటకమీంచి దించాల్సిన యంత్రం పదోరోజుకు అటకమీదే ఉండిపోతుంది.

గుడ్డు వేయని కేకులే ఎక్కువ చేసేవాళ్లు ఇంకొక సంగతి గమనించాలి. పెరుగు, సోడా వేసే ఆ పిండిని అసలు ఎక్కువ కొట్టకూడదు. వాళ్లకు యంత్రం అవసరం ముఖ్యంగా క్రీముకే. చెన్నైలో, బరంపురంలో, యానాంలో వేసవి ఉక్కకు క్రీము విరిగిపోకుండా ఉండాలంటే గిన్నెనూ కవ్వాన్నీ కూడా ముందు ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. మా అత్తగారు గుడ్డు ముట్టరు గనుక మాకు రెండు గిన్నెలు కావలసివచ్చాయి.

ఆ అత్తగారే ఖర్చు తగాదా తీర్చారు. “ఒరేయ్, మీ అమ్మకు గ్రైండరు కొన్ననాడు ఇది చిన్న పనా పెద్ద పనా అని ఎవరన్నా అడిగారా? నడుం పోతుందని కొన్నాం. ఈ పిల్లకు చెయ్యి పోతుంటే లెక్కలేమిటి?” అన్నారు. మా అబ్బాయి మారు మాట్లాడలేదు. సగం డబ్బు తన కేకుల సంపాదన నుంచే ఇస్తానని కోడలు పట్టుబట్టింది. నేను వద్దనలేదు. అది తన పనిముట్టు, తన మాటే చెల్లాలి.

నాలుగు లీటర్ల గిన్నె ఉన్నది కొన్నాం. మొదటిరోజు గుడ్లు, చక్కెర ఎంతసేపు కొట్టాలో గడియారం చూస్తున్న కోడలిని, “గడియారం కాదే, జారేది చూడు” అన్నారు అత్తగారు, దూరంగా కుర్చీలో కూర్చునే. కవ్వం ఎత్తితే నురగ పట్టీలా జారి, పడ్డచోట గుర్తు కాసేపు నిలవాలి. గుడ్డు ముట్టని ఆవిడకు అదెలా తెలుసు? జీవితమంతా అరిసెలకూ లడ్డూలకూ పాకాలు పట్టిన కళ్లు మరి!

యంత్రంతోనే నొప్పి మాయం కాలేదు. పట్టీ, విశ్రాంతి, డాక్టరుగారి వ్యాయామాలు ఇంకా నడుస్తున్నాయి. నిండిన గిన్నె ఎత్తి దించడం ఇప్పుడు మా అబ్బాయి పని. ఆర్డర్లు మాత్రం ఆగలేదు.

పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. మిక్సరూ పిండి కొద్దీ ఉండాలి, దాన్ని వాడే చేతి కొద్దీ ఉండాలి. అంగడికి వెళ్లేముందు మీ ఇంట్లో ఏ పిండి కలుపుతారో, ఎంత కలుపుతారో ఒక కాగితంమీద రాసుకోండి. కలిపే మనిషిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి.