ముదురు నీలం గోడ మీద నరసాపురం లేసు

ఎడిన్‌బరోలో మా ముందుగది కిటికీ ఉత్తరం వైపు ఉంది. డిసెంబరులో ఇక్కడ పగలు ఏడు గంటలే. నేరుగా ఎండ పడని ఆ గదికి ఎంత మంచి తెల్లరంగు వేసినా బూడిద రంగులోనే కనిపిస్తుంది. పడే వెలుతురే లేనప్పుడు తెలుపు తిప్పి పంపేదేముంటుంది? అందుకని ఈసారి నాలుగు గోడలకూ, తలుపులకూ, కిటికీ చట్రానికీ కూడా ఒకటే ముదురు నీలం వేయించాం, మెరుపు లేని రకం. తెలుపు తన మీద పడ్డ వెలుతురులో 80 శాతానికి పైగా తిప్పి పంపితే, ఇలాంటి నీలం 10 శాతం కూడా పంపదు. నడినెత్తిన పెద్ద లైటు పెట్టి లాభం లేదు. కూర్చున్న మనిషి భుజం ఎత్తులో పసుపు వెలుగు దీపాలు పెట్టాం. చీకటి పడితే ఇంటిల్లిపాదీ అక్కడికే చేరుతున్నారు.

ఫొటోలు చూసి నరసాపురం నుంచి అక్క ఫోన్ చేసింది. "ఏంట్రా తమ్ముడూ, గది అమావాస్యలా ఉంది! అయినా బాగుందిరా. మా పడగ్గదికీ వేయించెయ్యనా?"

కింది గదికి వద్దక్కా అన్నాను. డెల్టాలో కాస్త లోతు తవ్వితే చాలు, నీళ్లు. ఇటుక గోడ ఆ చెమ్మను పైకి లాగుతుంది, చెమ్మతోపాటు ఉప్పూ వస్తుంది. గోడ ఆరాక అది తెల్లటి పొడిలా పైకి తేలుతుంది. తెల్లగోడ మీద ఎవరి కంటా పడని ఆ మచ్చలు నీలం మీద దూరం నుంచే కనిపిస్తాయి. సంక్రాంతికి ముందు మనవాళ్లు సున్నంలో కాస్త నీలిమందు కలిపి వెల్ల వేసేవారు కదా, ఆ సున్నం గోడలోని చెమ్మను బయటికి పోనిచ్చేది. ఇప్పటి ప్లాస్టిక్ రంగులు పొరలా పట్టేస్తాయి. లోపలి చెమ్మకు దారి లేక బొబ్బలెక్కి, పెచ్చులూడతాయి. ముందు చెమ్మ సంగతి చూడాలి, రంగు మాట ఆ తర్వాతే. మేడ మీది గదికైతే నిక్షేపంగా వేసుకోవచ్చు.

అక్క ఎప్పుడో ఇచ్చిన లేసు గుడ్డకు ఫ్రేము కట్టించి ఇప్పుడా గోడకు తగిలించాం. ఇదివరకు తెల్లగోడ మీద ఉన్నప్పుడు పువ్వేదో, ఆకేదో తెలిసేది కాదు. నీలం మీద ఒక్కొక్క గొలుసూ, ఒక్కొక్క ముడీ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఎంత ఓపిక! ఈ ముదురు రంగు మీద నాకింత ప్రేమ కలగడానికి అసలు కారణం ఆ లేసే. ఇంకో సంగతి, ఈ పనిని 1844లో దుమ్ముగూడెంలో మన ఆడవాళ్లకు నేర్పింది మెక్‌రే అనే స్కాట్లాండ్ మిషనరీ దంపతులని చెబుతారు. ఇక్కడి నుంచి గోదావరికి వెళ్లిన విద్య అక్కడ లక్షల చేతుల్లో పండింది. ఆ చేతులకు దక్కింది మాత్రం తక్కువ. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు కార్మికుల మీద 1982లో ఒక పుస్తకమే రాశారు. విదేశీ మార్కెట్‌కు గంటల తరబడి అల్లే స్త్రీలను ఖాళీ సమయంలో కాలక్షేపం చేసే గృహిణులుగా జమకట్టి, కూలీ ఎలా తగ్గించారో అందులో చూపించారు. ఇప్పుడు ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే, కానీ అల్లేవాళ్ల కూలీ కూడా పెరగాలి.

సెలవులకు నరసాపురం, పాలకొల్లు వైపు వెళ్లే ప్రవాసులందరికీ నా విన్నపం ఒక్కటే. లేసు కొంటే అల్లినవాళ్ల దగ్గరే కొనండి, బేరమాడకండి.